రెండో రాయి

మా షెడ్డుకు బోర్డు లేదు. దాచేపల్లి నుంచి సిమెంటు ఫ్యాక్టరీల వైపు వెళ్లే రోడ్డు మీద, టీ బంకు పక్కన, ముందు రేకుల పంచ, లోపల ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడ్డ నేల, అంతే. బోర్డు అవసరం కూడా రాలేదు. లారీల వాళ్లలో ఎవరిని అడిగినా "బ్రేకులమ్మాయి షెడ్డా?" అని చెయ్యి చూపిస్తారు. నాకు ముప్పై దాటి చాలాకాలమైంది. చెవుల పక్కన తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. అయినా వాళ్లకు నేను అమ్మాయినే. మొదట్లో ఆ పేరు ఎగతాళికి పుట్టింది. ఇప్పుడదే అడ్రసు.

కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఒక సంగతి తప్పకుండా అడుగుతారు. బండి కదలకుండా అందరూ టైరు కింద ఒక రాయి పెడతారు కదా, మీరు రెండెందుకు పెడతారు అని. తొందర పనిలో ఉంటే "మా ఇష్టం" అంటాను. తీరిక ఉంటే టీ చెప్పి, కుర్చీలో కూర్చున్న నాయనను అడగమంటాను. నాయన చెప్పడం మొదలుపెడితే నన్ను ఆకాశానికెత్తేస్తాడు. నాకు సిగ్గేసి లోపలికి పోతాను. పోయి, గోడ చాటున నిలబడి మొత్తం వింటాను. విన్న ప్రతిసారీ ఆయన నా భాగం పెంచి, తన భాగం మింగేస్తున్నాడు. అందుకే ఈ కథ నేను రాయాల్సి వచ్చింది.

మేం దూదేకుల వాళ్లం. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులు వచ్చి ఆ పని అడుగంటితే, నాయన మీసాలు రాకముందే ఒక లారీ షెడ్డులో చేరి బ్రేకుల పని నేర్చుకున్నాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ రాదని మసీదు దగ్గర మమ్మల్ని ఆటపట్టించేవాళ్లు ఉన్నారు. నాయన నవ్వేసి, "అల్లాకు తెలుగు రాదా ఏంది?" అంటాడు. ఐదు పూటలా నమాజు కుదరని పని ఆయనది. శుక్రవారం మాత్రం తప్పడు. బండి కిందికి దూరే ముందు "బిస్మిల్లా" అనకుండా పానా ముట్టుకోగా నేను చూడలేదు.

నాయనకొక పద్ధతి ఉంది. బ్రేకులు ఎవరు బాగుచేస్తే వాళ్లే ఆ బండిని ముందు నడపాలి. రోడ్డు మీద గుండ్రంగా ఒక చుట్టు తిప్పితే ఒప్పుకోడు. ఊరి చివర నాగులేటి వంతెన వైపు రోడ్డు బాగా దిగుతుంది. ఆ దిగుడులో సగం దాకా పోయి, అక్కడ బండిని నిలబెట్టి చూపించాలి. అప్పుడే తాళం డ్రైవరు చేతికిస్తాడు. "పరాయోడి పానం పెట్టి పరీక్ష చేస్తామా?" అనేవాడు. ఈ చుట్టుపక్కల డ్రైవర్లు నాయన మాటకు ఎదురు చెప్పకపోవడానికి కారణం ఆ దిగుడే.

ఇంకొక పని గురించి చెప్పాలి, అది తెలియకపోతే ఈ కథ తెలియదు. బ్రేకులు విప్పి బిగించాక పైపుల్లో గాలి చేరుతుంది. ఆ గాలి తీయకపోతే పెడలు తొక్కినా దూది మూటను తొక్కినట్టే ఉంటుంది, బండి ఆగదు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం పక్కన పడుకుని గాలి పోయే చిన్న మరను, నిప్పల్ అంటాం, వదులు చేస్తూ బిగిస్తూ ఉండాలి. కింద ఉన్న మనిషి "తొక్కు" అంటే తొక్కాలి. "పట్టు" అంటే తొక్కినచోటే కాలు బిగపట్టాలి. "వదులు" అంటేనే వదలాలి. ఒక్క క్షణం ముందు వదిలినా గాలి మళ్లీ లోపలికి పోతుంది.

బడి లేని రోజు ఆ సీటు నాది. కాళ్లు అందేవి కావు. స్టీరింగ్ పట్టుకుని సగం నిలబడి తొక్కేదాన్ని. కింద ఏం జరుగుతోందో నాకు కనిపించేది కాదు. నాయన మొహం కనపడదు, చేతులు కనపడవు. గొంతు ఒక్కటే వినపడేది. ఎండాకాలం ఒకరోజు తొక్కీ తొక్కీ నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎంతసేపు నాయనా? నాకేం కనపడట్లా ఇక్కడ!"

"నీకు కనపడక్కర్లా. నాకు కనపడతంది గదా. చెప్పింది చెయ్."

దేవుడి గురించి పెద్దవాళ్లు నాకు చాలా చెప్పారు. దర్గా దగ్గర విన్నాను, మసీదు మైకులో విన్నాను, బళ్లో పక్క బెంచీ అమ్మాయి వాళ్ల చర్చి సంగతులు చెబితే విన్నాను. నా మనసుకు అందింది మాత్రం ఆ లారీ సీట్లోనే. అన్నీ చూస్తున్నవాడు ఒకడు ఉన్నాడు, నేను వాడి మాట వింటే చాలు. చిన్నప్పుడు ఇంత చక్కగా అనుకోలేదనుకోండి, అప్పుడు నా ధ్యాస అంతా పని అయ్యాక వచ్చే సోడా మీదే ఉండేది.

నేను డిగ్రీ చివరి ఏడు చదువుతుండగా నాయన కాలు పోయినంత పనైంది. లారీ కింద పడుకుని పైపు బిగిస్తున్నాడు. పని అయిపోయిందనుకుని ఆ లారీ డ్రైవరు టైరు కింద రాయి తీసేశాడు. బండి ఎంతో కదల్లేదు. కానీ ఆ కాస్త కదలిక నాయన కుడి మోకాలి మీదుగా పోయింది. నరసరావుపేట ఆస్పత్రిలో కాలు నిలబెట్టారు గానీ, మోకాలు ఇక వంగలేదు. చేతికి కర్ర వచ్చింది.

కాలు దక్కింది, ధైర్యం దక్కలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు కారులో కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు. ఆ తర్వాత ఏ బండీ ఎక్కలేదు. ఆటో కూడా ఎక్కలేదు. శుక్రవారం మసీదుకు కర్ర పొడుచుకుంటూ, దారిలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చుని, నడిచే పోయేవాడు. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు గానీ, బండి లోపలికి వస్తుంటే కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు. అది చూసినప్పుడల్లా నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చేది.

నేను పానా పట్టింది ఆ కోపంతోనే. మొదట మోటారు సైకిళ్లు, తర్వాత ఆటోలు. నాయన కుర్చీలోంచి చెప్పేవాడు, నేను చేసేదాన్ని. ఊళ్లో నోళ్లు ఊరుకోలేదు. డిగ్రీ చదివిన పిల్ల ఒళ్లంతా గ్రీజు పూసుకుంటోందని ఒకరు, పెళ్లెట్లా అవుతుందని ఒకరు. నేనూ నోరు కట్టుకునే రకం కాదు. పెళ్లి గురించి అడిగినవాళ్లను "మీ బండికి బ్రేకులున్నాయా?" అని అడిగేదాన్ని.

నోరు ఎంత ఉన్నా, లోపల భయం ఉంది. బండి కిందికి దూరితే చాలు, కాలు నలిగిన రోజు నాయన అరిచిన అరుపు చెవుల్లో మోగేది. అందుకని టైరు కింద రాయి పెట్టి, మళ్లీ అవతలి వైపు చక్రానికి లోపలిగా ఇంకొకటి పెట్టేదాన్ని. ఎవరైనా ఒకటి లాగేసినా రెండోది కనపడకుండా ఉండాలని. క్వారీ నుంచి తెచ్చిన సున్నపురాయి ముక్కలవి, ఇంత లావున ఉంటాయి. నేను కిందికి దూరేముందు నాయన కుర్చీలోంచి "రాయి పెట్టావా?" అని అడిగేవాడు. "రెండు పెట్టా" అనేదాన్ని. రెండెందుకో ఆయనకు తెలుసు.

ఆటోలతో షెడ్డు ఎన్నాళ్లు నడుస్తుంది? పెద్ద బండ్లు రావడం మానేశాయి. టైర్ల వ్యాపారి ఒకాయన ఆ జాగా తనకిమ్మని కబురు పెట్టాడు. బంధువులందరూ ఇచ్చేయమన్నారు. సామాన్లు పాత ఇనుముకు వేసేయడమే. నాయన చివరికి, "బడులు తెరిచేదాకా చూద్దాం. అప్పటికీ ఒక్క పెద్ద బండి రాకపోతే ఇచ్చేద్దాం" అన్నాడు. నాకు తెలుసు, ఆయన అప్పటికే ఇచ్చేశాడు. నా మొహం చూసి ఆ నాలుగు రోజులు అడిగాడు.

బడులు తెరిచే ముందు వారంలో వచ్చింది స్కూలు వ్యాను. పసుపు రంగు పాత బండి. దాని డ్రైవరు మా వీధి మనిషే, వరసకు మామ అని పిలుస్తాను. మాట కరుకు గానీ మనసు మంచిది. ఆ వ్యానుకు ముందునుంచీ నాయనే బ్రేకులు చూసేవాడు.

మామ బండి దిగి, నాయనకు దణ్ణం పెట్టి, నా వైపు తిరిగాడు. "బ్రేకు సగానికి దిగితే గాని పట్టట్లా. నువ్వు చేస్తావా?"

"చేస్తా."

"చెయ్. కాని పద్ధతి మీదే. చేసినోళ్లే ముందు నడపాల. ఏటి దిగుట్లో బండి నిలబెట్టి చూపించు, సోమారం నుంచి పిల్లల్ని ఎక్కించుకుంటా. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, పిడుగురాళ్ల తోలుకపోతా. పసిపిల్లల బండమ్మా, మొహమాటం లేదు."

నాయన నేల చూపులు చూస్తున్నాడు. నేను "సరే మామా" అన్నాను. ఆ మాట అనేశాక గాని ఒప్పుకున్నది ఎంత పనో తట్టలేదు. బండి నడపడం నాకు వచ్చు, లైసెన్సు నాయన ఎప్పుడో తీయించాడు. కానీ ఆ దిగుడులో, నేను బిగించిన నట్ల మీద, నేనే కూర్చుని దిగడం వేరు. ఈ బండి నడిస్తే షెడ్డు ఉంటుంది. నడవకపోతే మా తాత దూది ఏకిన విల్లు అటక మీద పడుకున్నట్టు నాయన పానాలు పాత ఇనుములో పడుకుంటాయి.

చక్రాలన్నీ విప్పాను. డ్రమ్ములు శుభ్రం చేసి, లైనర్లు మార్చి, లోపల అరిగిన రబ్బర్లు తీసి కొత్తవి వేశాను. గాలి తీయడానికి సీట్లో మనిషి కావాలి. నాయన బండి ఎక్కడు. అమ్మను పిలిచాను. అమ్మ జన్మలో డ్రైవరు సీట్లో కూర్చోలేదు. కొంగు తలమీదుగా బిగించుకుని, చెప్పులు కింద విడిచి, దర్గాలోకి పోయినట్టు ఎక్కింది. నేను కింద పడుకున్నాను.

"తొక్కు!"

"యా అల్లా" అంటూ తొక్కింది.

"పట్టు... పట్టు... వదులు! అమ్మా, వదులు!"

దువా పూర్తయితే గాని కాలు తీయట్లేదు. "దువా తర్వాత చదువుకోవే అమ్మా, ముందు కాలు తియ్యి!" అని అరిచాను.

"నోర్ముయ్యే. దువా చదవబట్టే ఈ కాలు ఆడతంది" అంది పైనుంచి.

టీ బంకు దగ్గర అందరూ పకపకా నవ్వారు. మేమూ నవ్వాం. అలా నవ్వుతూ, తిట్టుకుంటూ నాలుగు చక్రాల గాలీ తీశాం. పెడలు గట్టిపడింది. మామ కూడా తొక్కి చూసి తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే ట్రయల్. రాత్రంతా ఆ దిగుడే కళ్ల ముందు. లేచి, కాళ్లూ చేతులూ మొహమూ కడుక్కుని వజూ చేసుకుని, నమాజుకు కూర్చున్నాను గానీ, నాకు పొడుగు దువాలు రావు. వచ్చినవి కూడా ఆ పూట మరిచిపోయాను. చివరికి నాకు వచ్చిన భాషలోనే చెప్పుకున్నాను. "నాకు తెలిసిందంతా చేశాను. నాకు కనపడనిది నీకు కనపడుతుంది. నువ్వు చెప్పు, నేను వింటాను." అంతే.

షెడ్డు ముందు అప్పటికే జనం చేరారు. ఆడపిల్ల బ్రేకులు చేసిన స్కూలు వ్యాను చూడ్డానికి టీ ఖర్చు కూడా పెట్టుకుని వచ్చారు. ముందు చక్రం కింద రాయి తీసి పక్కన పడేశాను. బిస్మిల్లా అని సీట్లో కూర్చున్నాను. ఇంజను మొదలెట్టి గేరు వేసి క్లచ్చి వదిలాను. బండి ముందుకు ఊగి, గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టాను. మళ్లీ ఊగి ఆగింది.

"భలే బ్రేకు చేసిందిరా! బండి కదల్నే కదల్లా!" అన్నాడు బంకు దగ్గర ఎవడో.

నవ్వులు. నా చెవులు కాలిపోయాయి. బ్రేకులు పట్టేశాయనుకున్నాను. తొక్కితే వదులుతాయేమోనని, కోపం, సిగ్గు కలిసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బ్రేకు పెడలు తొక్కి వదిలాను, తొక్కి వదిలాను. లాభం లేదు. తాళం జేబులో వేసుకుని దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి, అవతలి వైపు వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని వంగి చూశాను. రెండో రాయి. ఆ చక్రానికి లోపలిగా, నేను దాచిపెట్టిన చోటే, గట్టిగా ఇరుక్కుని ఉంది. ముందుది తీశాను, దీన్ని మరిచిపోయాను. ఈ ప్రాంతంలో టైరు కింద రెండు రాళ్లు పెట్టే మెకానిక్‌ను నేనొక్కదాన్నే, దాన్ని మరిచిపోగలిగేదీ నేనొక్కదాన్నే.

రాయి తీద్దామని చెయ్యి పెట్టాను. చేతి మీద చుక్క పడింది.

ఇంజను నూనె కాదు. పల్చగా, తేనె రంగులో ఉంది. బ్రేకాయిలు. తల ఎత్తి చూస్తే, చక్రానికి వచ్చే సన్న పైపు మూతి దగ్గర, నట్టు కింద, ఇంకొక చుక్క దిగుతోంది. పైపు మూతి దగ్గర వెంట్రుకంత పగులు. నిన్న అమ్మ మెత్తగా తొక్కినప్పుడు అది బయటపడలేదు. మామ తొక్కినప్పుడూ పడలేదు. బండి కదలక నేను కోపంతో తొక్కిన తొక్కుడుకు పడింది. బండి కదిలి ఉంటే నేను అంత బలంగా మొదటిసారి తొక్కేది ఆ దిగుడులోనే.

నేను రాయి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. మామ వంగి చూశాడు, ఆయనకూ అర్థమైంది. నవ్వులు ఆగిపోయాయి. మామ నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "చాల్లే తల్లీ. నీ తప్పేం లేదు, పైపు పాతది. కాని ఇంక వద్దు. తాళం ఇటియ్యి."

ఇచ్చేద్దామనే అనిపించింది. నిజంగా. జేబులోంచి తాళం తీశాను కూడా. అప్పుడు పొద్దున నేను అడిగింది గుర్తొచ్చింది. నాకు కనపడనిది చెప్పమన్నాను. అడిగాక నేనింకా రొట్టె కూడా తినకముందే దేవుడు చెప్పాడు. అది కూడా నా భయం పెట్టించిన రాయి చేత చెప్పించాడు. నేను సిగ్గుపడి దాచుకునే ఆ రెండో రాయిని తన పనికి వాడుకున్నాడు. చెప్పింది "ఇక్కడ చూడు" అని. "లేచి ఇంటికి పో" అని కాదు.

తాళం మళ్లీ జేబులో వేసుకున్నాను. "కొత్త పైపు తెచ్చి వేస్తా మామా. సాయంత్రం దాకా ఆగు" అన్నాను. మామ నాయన వైపు చూశాడు. నాయన నా వైపు చూశాడు. ఆ ప్రమాదం తర్వాత నాయన నన్ను అంత నేరుగా చూడడం అదే మొదటిసారి. తల ఊపాడు.

స్పేర్ పార్టుల షాపు నుంచి కొత్త పైపు తెచ్చి వేశాను. మిగతా చక్రాల పైపులు కూడా ఒక్కొక్కటీ లైటు వేసి చూశాను. అమ్మ మళ్లీ సీటెక్కింది. ఈసారి దువా పెడలుకు సరిపోయేంత చిన్నగా చదివింది. చివర్లో నేనే ఎక్కి, పొద్దుటి కోపమంతా గుర్తు తెచ్చుకుని తొక్కాను, దిగి చూశాను, మళ్లీ తొక్కాను, మళ్లీ చూశాను. చుక్క లేదు.

ఎండ వాలే వేళకు జనం ఇంకా ఎక్కువయ్యారు. కానీ ఎవరూ నవ్వట్లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. రెండు రాళ్లూ తీసి అందరికీ కనపడేలా షెడ్డు గడప దగ్గర పెట్టాను. సీట్లో కూర్చున్నాను. తాళం పెట్టాను. తిప్పలేకపోయాను. పొద్దున భయం ఏం జరుగుతుందో తెలియక. ఇప్పుడు ఏం జరిగి ఉండేదో తెలిసి. చెయ్యి తాళం మీద ఉంది, మనసు చేతికి చెబుతోంది, చెయ్యి వినట్లేదు. దేవుడా అనుకున్నాను, పైపు సంగతి చెప్పావు, బాగుంది, ఈ చేతి సంగతి ఏం చేయను?

ఎడమవైపు తలుపు తెరుచుకుంది. ముందు ఒక కర్ర లోపలికి వచ్చింది.

తర్వాత నాయన చెయ్యి వచ్చి సీటు అంచు పట్టుకుంది. మోకాలు వంగదు కాబట్టి మామ కింద నుంచి ఎత్తి నెట్టాడు. ఎక్కి కూర్చునేసరికి నాయన చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. బండి లోపలికి వస్తుంటే కుర్చీ వెనక్కి జరుపుకునే మనిషి.

"నువ్వెందుకు నాయనా? దిగు" అన్నాను.

"రాయి తీశావా?"

"రెండూ తీశా."

"బిస్మిల్లా అను. పోనియ్."

చెయ్యి తిరిగింది. బండి కదిలింది. టీ బంకు వెనక్కి పోయింది, మసీదు సందు వెనక్కి పోయింది, సిమెంటు లారీలు దుమ్ము కొడుతూ ఎదురొచ్చాయి. నాయనను ఓరకంట చూశాను. కళ్లు మూసుకోలేదు. రెప్ప కూడా వేయకుండా రోడ్డునే చూస్తున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

దిగుడు మొదలైంది. కింద నాగులేట్లో నీళ్లు సన్నగా ఉన్నాయి, గేదెలు పడుకుని ఉన్నాయి. బండి బరువు ముందుకు తోస్తోంది. నా కాలు పెడలు మీదే ఉంది, ఇప్పుడా ఇంకాసేపాగా అని తెలియట్లేదు. రోడ్డు, వంతెన, అన్నీ కనపడుతున్నాయి. కనపడీ ఏం లాభం లేదు.

"తొక్కు" అన్నాడు నాయన.

అదే గొంతు. కింద చక్రం పక్కన పడుకుని చెప్పిన గొంతు. కాలు నన్నడగకుండానే తొక్కేసింది.

"పట్టు."

పట్టాను. బండి నిలబడింది. సరిగ్గా సగం దిగుడులో, ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడ్డట్టు నిలబడింది. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయన కడ్డీ మీంచి ఒక చెయ్యి తీశాడు. తర్వాత రెండోది తీశాడు. ఖాళీ చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడో చెమట తుడుచుకుంటున్నాడో నేను చూడలేదు, ఎందుకంటే నాకూ ఏమీ కనపడట్లేదు.

"వదులు" అన్నాడు చాలాసేపటికి.

వంతెన దగ్గర బండి తిప్పుకుని వచ్చాం. షెడ్డు ముందు ఆపగానే మామ వచ్చి తాళానికి చెయ్యి చాపాడు. పొద్దున ఎగతాళి చేసినవాడే అనుకుంటాను, టీ పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ గడప మీద, ఆ రెండు రాళ్ల పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను దిగి అటువైపు వెళ్లి నాయనకు చెయ్యి అందించాను.

నాయన దిగలేదు.

"మసీదు దాకా పోనియ్" అన్నాడు.

"ఎప్పుడూ నడిచే పోతావు గదా?"

"ఇయ్యాల నడవను. ఇయ్యాల నా కూతురు బ్రేకులేసిన బండిలో, నా కూతురు తోలతంటే పోతా." కర్ర కాళ్ల సందున పెట్టుకుని, నడుం నిటారుగా చేసి కూర్చున్నాడు. "మెల్లిగా పోనియ్యమ్మా. బజారు మీదుగా పోనియ్. అందరూ చూడాల."

నేను మళ్లీ సీటెక్కి, బజారు మీదుగా, మెల్లిగా పోనిచ్చాను.